భుజకీర్తులు తెంచిన రాజ్యమే మళ్లీ కుట్టించుకుంది

1937, 1938 నాటి సోవియట్ రహస్య పోలీసుల విచారణ పత్రాలు చదివేవారికి మొదట్లోనే ఒక చిక్కు ఎదురవుతుంది. కాగితం చివర విచారణాధికారి సంతకం ఉంటుంది, పక్కన ఆయన హోదా: రాజ్య భద్రతా సార్జెంటు. సార్జెంటు అనగానే మన మనసులో మెదిలేది కింది మెట్టు మీద నిలబడ్డ మనిషి. ప్రొఫెసర్లను, ఇంజనీర్లను, పార్టీలో తలపండిన నాయకులను రాత్రంతా నిలబెట్టి నేరం ఒప్పించే పని ఒక సార్జెంటుకు ఎలా అప్పగించారన్న అనుమానం రావడం సహజం. తీరా చూస్తే ఆ సార్జెంటు సైన్యంలో లెఫ్టినెంటుతో సమానం. అదే విభాగంలో లెఫ్టినెంటు అంటే సైన్యంలో కెప్టెన్. అక్కడి కెప్టెన్ ఇక్కడి కల్నల్. మేజర్ అయితే ఏకంగా బ్రిగేడు కమాండరు స్థాయి.

ఈ తేడా పొరపాటున దొర్లింది కాదు, కావాలని పెట్టింది. సోవియట్ పోలీసు హోదాల చరిత్ర చదవబోయేవారికి పట్టికలే పట్టికలు ఎదురవుతాయి. వాటిని బట్టీ పట్టడం కంటే, ఫలానా ఏడాదిలో పాలకుడికి ఎవరితో ఎక్కువ అవసరం పడింది, ఎవరంటే ఎక్కువ భయం ఉంది అని అడుగుతూ పోతే ఆ పట్టికలు వాటంతటవే విడివడతాయి.

మొదట అసలు హోదాలే లేవు. 1917 నవంబరులో అధికారం చేజిక్కిన కొద్ది రోజుల్లోనే బోల్షెవిక్కులు జార్ల కాలపు సామాజిక శ్రేణులను, ప్రభుత్వోద్యోగుల హోదాలను రద్దు చేశారు. డిసెంబరులో సైన్యం వంతు వచ్చింది. కింది మెట్టు నుంచి జనరల్ దాకా ర్యాంకులన్నీ ఒక్క ఉత్తర్వుతో ఎగిరిపోయాయి, వాటితోపాటు భుజకీర్తులూ పోయాయి. 'పోలీసు' పేరుకు పాత పాలన మరకలు అంటుకుని ఉన్నాయి కనుక శాంతిభద్రతల కొత్త దళాన్ని 'మిలీషియా' అన్నారు. అది పుట్టిన నవంబరు 10 తరవాత దశాబ్దాల పాటు మిలీషియా దినోత్సవంగా నడిచింది. అంతర్యుద్ధంలో బోల్షెవిక్కులతో పోరాడిన శ్వేత సైన్యాల అధికారులను ఎర్ర సైనికులు 'బంగారు భుజాలవాళ్లు' అని తిట్టేవారు. భుజం మీద జరీ పట్టీ అంటే అంత కసి.

1917 డిసెంబరులో జెర్జిన్‌స్కీ నాయకత్వాన పుట్టిన రహస్య పోలీసు సంస్థ చెకాకు తొలినాళ్లలో ప్రత్యేకమైన యూనిఫాం కూడా లేదు. తోలు కోటే దాని గుర్తు. చెకా 1922లో జీపీయూగా, మరుసటి ఏడాది ఓజీపీయూగా మారాక యూనిఫాంలు, గుర్తులు వచ్చాయి. అయితే అవి ర్యాంకు గుర్తులు కావు, పదవి గుర్తులు.

ఈ రెండింటికీ తేడా పట్టుకోకపోతే మిగిలిన కథంతా గజిబిజి అవుతుంది. పదవి కుర్చీకి చెందింది, కుర్చీ దిగితే పోతుంది. ర్యాంకు మనిషికి చెందింది, బదిలీ అయినా వెంట వస్తుంది. మన దగ్గర ఐజీ, డీఐజీ అన్న మాటల్లో పదవీ ర్యాంకూ కలిసిపోయి ఉంటాయి కనుక ఈ విభజన మనకు చప్పున తట్టదు. 1920లలో ఎర్ర సైన్యంలోనూ, ఓజీపీయూలోనూ కాలరు మీద త్రికోణాలు, చిన్న చతురస్రాలు, పొడవాటి పట్టీలు, వజ్రాకారపు బిళ్లలు కనిపించేవి. కమాండరు ప్రస్తుతం ఏ కుర్చీలో కూర్చున్నాడో మాత్రమే అవి చెప్పేవి. సమానత్వాన్ని నమ్మిన రాజ్యానికి ఇది అనువైన ఏర్పాటు. ఎవరూ పుట్టుకతో గానీ జీవితాంతం గానీ అధికారి కారు.

1935లో ఆ నమ్మకాన్ని పక్కన పెట్టారు. సెప్టెంబరు 22న ఎర్ర సైన్యంలో వ్యక్తిగత ర్యాంకులు తిరిగొచ్చాయి. లెఫ్టినెంటు, కెప్టెన్, మేజర్, కల్నల్ పేర్లు నిస్సంకోచంగా వాడుకున్నారు. జనరల్ ఒక్కడే గడప దాటలేదు. ఆ పేరు పలికితే జార్ కొలువు గుర్తుకొస్తుందని కాబోలు, కల్నల్‌కు పైన బ్రిగేడు కమాండరు, డివిజను కమాండరు, కోరు కమాండరు, సైన్య కమాండరు అని పదవుల పేర్లనే ర్యాంకులుగా మార్చారు. అందరికంటే పైన మాత్రం 'సోవియట్ యూనియన్ మార్షల్' అనే కొత్త పీఠం వేశారు. జనరల్ అంటే తప్పు, మార్షల్ అంటే ఒప్పు. ఈ తర్కం మనకు అంతు పట్టకపోతే నష్టమేమీ లేదు, అప్పటివారికీ అంతు పట్టి ఉండదు.

సరిగ్గా పదిహేను రోజుల తరవాత, అక్టోబరు 7న, రహస్య పోలీసుల వంతు వచ్చింది. అప్పటికి ఓజీపీయూ అంతర్గత వ్యవహారాల ప్రజా కమిసారియట్‌ (మంత్రిత్వ శాఖ)లో, అంటే ఎన్‌కేవీడీలో, కలిసిపోయింది. దాని గుండెకాయ రాజ్య భద్రతా ప్రధాన విభాగం. ఆ విభాగం వారికి సైనిక ర్యాంకులు కాకుండా 'ప్రత్యేక హోదాలు' ఇచ్చారు. ఇక్కడే ఆ రెండు మెట్ల తిరకాసు చోటు చేసుకుంది. సార్జెంటుతో మొదలై జూనియర్ లెఫ్టినెంటు, లెఫ్టినెంటు, సీనియర్ లెఫ్టినెంటు, కెప్టెన్, మేజర్, సీనియర్ మేజర్ వరకు సైన్యపు పేర్లే. బరువు మాత్రం ప్రతిచోటా రెండు మెట్లు ఎక్కువ. ఆపైన మూడో శ్రేణి, రెండో శ్రేణి, మొదటి శ్రేణి రాజ్య భద్రతా కమిసార్లు. శిఖరం మీద, మార్షల్‌కు సమానంగా, 'రాజ్య భద్రతా జనరల్ కమిసార్'. ఈ పేరులోని 'జనరల్' సైన్యపు జనరల్ కాదు, సర్వాధికారి అన్న అర్థం మాత్రమే. రహస్య పోలీసు పనికి ఇది భలే కలిసొచ్చిన ఏర్పాటు. పేరు చిన్నగా వినిపిస్తుంది, అధికారం పెద్దది.

పేరు వినిపించనిది కాలరు చూపించేది. 1937లో ఎన్‌కేవీడీ వారికీ సైన్యపు తరహా గుర్తులే వచ్చాయి. ఆ ఏడాది తరవాత తీసిన ఫోటోలో ముదురు ఎరుపు కాలరు పట్టీ మీద రెండు చిన్న చతురస్రాలుంటే అతడు రాజ్య భద్రతా సార్జెంటు. పక్కనే నిలబడ్డ సైన్యపు లెఫ్టినెంటు కాలరు మీదా అవే రెండు. మూడు పొడవాటి పట్టీలుంటే రాజ్య భద్రతా కెప్టెన్, సైన్యంలో అవి కల్నల్‌వి. ఒక వజ్రం ఉంటే మేజర్, రెండుంటే సీనియర్ మేజర్, మూడుంటే మూడో శ్రేణి కమిసార్, నాలుగుంటే రెండో శ్రేణి. నాలుగు వజ్రాలకు చిన్న నక్షత్రం తోడైతే మొదటి శ్రేణి. జనరల్ కమిసార్‌కు వజ్రాలు ఉండవు, పెద్ద నక్షత్రం ఒక్కటే. టోపీ పైభాగం నీలం, పట్టీ ముదురు ఎరుపు. ఆ నీలి టోపీ మెట్ల మీద కనిపించిందంటే ఇల్లంతా ఊపిరి బిగబట్టేది.

ఇక మామూలు పోలీసుల సంగతి. వీధిలో కాపలా కాసే, దొంగలను పట్టే మిలీషియా కూడా ఎన్‌కేవీడీ గొడుగు కిందే ఉండేది గానీ అది పేద చుట్టం. దానికి హోదాలు ఆరు నెలలు ఆలస్యంగా, 1936 ఏప్రిల్‌లో దక్కాయి. అక్కడా కింది నుంచి సీనియర్ మేజర్ దాకా తెలిసిన పేర్లే. పై మూడు మెట్ల పేర్లు మాత్రం మిలీషియా ఇన్‌స్పెక్టరు, మిలీషియా డైరెక్టరు, మిలీషియా ప్రధాన డైరెక్టరు. పోలీసు అధిపతుల పేర్లా ఇవి, చక్కెర ఫ్యాక్టరీ యాజమాన్యం పేర్లా అనిపిస్తుంది. కమిసార్ అనే మాటకు విప్లవం తెచ్చిపెట్టిన గౌరవం ఉండేది. మంత్రులనే ప్రజా కమిసార్లు అనేవారు. ఆ గౌరవం రహస్య పోలీసులకు దక్కింది, దొంగలను పట్టేవారికి దక్కలేదు.

గౌరవం దక్కినవారికి ఏం ఒరిగిందో చూడాలి. జనరల్ కమిసార్ హోదా పొందినవారు మొత్తం ముగ్గురే. 1935 నవంబరు 26న ఎన్‌కేవీడీ అధిపతి యగోదా మొదటివాడయ్యాడు. మరుసటి సెప్టెంబరులో అతన్ని తప్పించి తపాలా, తంతి శాఖకు పంపారు. 1937 జనవరి చివర అతని హోదాను 'రిజర్వు'కు మార్చి, దాదాపు అవే రోజుల్లో అతని కుర్చీలో కూర్చున్న యెజోవ్ కాలరుకు ఆ నక్షత్రం కుట్టారు. యగోదాను 1938 మార్చిలో కాల్చి చంపారు, యెజోవ్‌ను 1940 ఫిబ్రవరిలో. మూడోవాడు, యెజోవ్ తరవాత ఎన్‌కేవీడీని నడిపిన బెరియాకు అది 1941 జనవరిలో దక్కింది. అతని వంతు 1953 డిసెంబరులో వచ్చింది. మొదటి శ్రేణి కమిసార్ల గతీ అంతే. 1935లో ఆ హోదా అందుకున్న అగ్రానోవ్, బలిత్‌స్కీ, దెరిబాస్, ప్రొకోఫియెవ్, జకోవ్‌స్కీ, రెదెన్స్ అందరినీ 1937-40 మధ్య కాల్చేశారు. రెదెన్స్ స్టాలిన్‌కు స్వయానా తోడల్లుడు. ఆ చుట్టరికం కూడా అక్కరకు రాలేదు. దూర ప్రాచ్యంలో ఉన్న మూడో శ్రేణి కమిసార్ ల్యుష్కోవ్ ఒక్కడు ముందే గాలి పసిగట్టాడు. మాస్కో నుంచి పిలుపు వస్తే దాని అర్థమేమిటో అలాంటి పిలుపులు చాలా మందికి అందించిన అతనికి తెలియకుండా ఉంటుందా? 1938 జూన్‌లో సరిహద్దు దాటి జపాన్ వారికి లొంగిపోయాడు.

సైన్యంలోనూ ఇదే తీరు. 1935లో మార్షల్ అయిన ఐదుగురిలో తుఖాచెవ్‌స్కీ, యెగోరోవ్, బ్ల్యూహెర్ 1939 ముగిసేనాటికి లేరు. అయితే హోదాలతో ప్రాణం నిలవదు కనుక అవన్నీ ఉత్త అలంకారమని తేల్చేయడం తొందరపాటే. జీతం, ఇల్లు, ప్రత్యేక దుకాణాల సరుకులు, ఆసుపత్రి, వేసవి విడిది ఏ స్థాయిలో దక్కాలన్నది వాటితో ముడిపడి ఉండేది. స్టాలిన్ ఇచ్చేటప్పుడు పుష్కలంగా ఇచ్చేవాడు. తీసుకునేటప్పుడు అన్నీ కలిపి తీసుకునేవాడు.

1940 మేలో సైన్యంలో 'జనరల్' గడప దాటి లోపలికి వచ్చాడు. 1943 జనవరిలో, స్టాలిన్‌గ్రాద్ పోరు ముగింపుకొస్తున్న వేళ, భుజకీర్తులూ తిరిగొచ్చాయి. పాత రష్యా గౌరవాన్ని కూడా యుద్ధానికి పిలుచుకోక తప్పని కాలం అది. పాతికేళ్ల కిందట ఆ జరీ పట్టీలను చీల్చి పారేసినవారిలో బతికి ఉన్నవారు ఇప్పుడు దర్జీ ముందు వరసలో నిలబడ్డారు. ఫిబ్రవరిలో ఎన్‌కేవీడీకీ ఆ మార్పు వర్తించింది. లెఫ్టినెంటు కల్నల్, కల్నల్ హోదాలు చేరి, రెండు మెట్ల తిరకాసు ముగిసింది. కాబట్టి 1942 పత్రంలోని 'రాజ్య భద్రతా మేజర్' వేరు, 1944 పత్రంలోని 'రాజ్య భద్రతా మేజర్' వేరు. మొదటివాడు సైన్యంలో బ్రిగేడును నడిపే స్థాయివాడు, రెండోవాడు మామూలు మేజర్. ఈ సంగతి చూసుకోకుండా రాసిన పుస్తకాల్లో మనుషులు ఉన్నట్టుండి దిగజారినట్టో, ఎగబాకినట్టో కనిపిస్తారు.

అదే ఫిబ్రవరిలో మిలీషియాలో ఇన్‌స్పెక్టర్లు, డైరెక్టర్లు పోయి, ఎట్టకేలకు మూడు శ్రేణుల మిలీషియా కమిసార్లు వచ్చారు. పేద చుట్టానికి కోరుకున్న చొక్కా దొరికింది, కానీ పెద్దింటివారు అప్పటికే దాన్ని విప్పే ఆలోచనలో ఉన్నారు. 1945 జూలై 6న రాజ్య భద్రతా ప్రత్యేక హోదాలను రద్దు చేసి వారందరికీ సైన్యపు ర్యాంకులు ఇచ్చారు. జూలై 9న బెరియా సోవియట్ యూనియన్ మార్షల్ అయ్యాడు. మొదటి శ్రేణి కమిసార్ మెర్కులోవ్ 'ఆర్మీ జనరల్' అయ్యాడు. రెండో శ్రేణివారైన అబకుమోవ్, సెరోవ్, క్రుగ్లోవ్ కల్నల్ జనరల్స్ అయ్యారు. వతూతిన్, చెర్న్యఖోవ్‌స్కీ లాంటి ఫ్రంట్ (అనేక సైన్యాల కూటమి) కమాండర్లు యుద్ధంలో గాయపడి ప్రాణాలు పోగొట్టుకునే నాటికి ఉన్న ర్యాంకు ఆర్మీ జనరల్. ఒక్క ఫ్రంటునూ నడపని మెర్కులోవ్ భుజాల మీద ఇప్పుడు అవే నక్షత్రాలు. మరణశిక్షలను స్వయంగా అమలు చేసే దళానికి అధిపతి, 1940లో పోలండ్ అధికారుల సామూహిక హత్యలో తన చేత్తో తుపాకీ పేల్చిన బ్లోఖిన్ కూడా అప్పుడే మేజర్ జనరల్ అయ్యాడు. యుద్ధం చేసిన జనరల్‌కూ, నేలమాళిగలో పని చేసిన జనరల్‌కూ పేరులో తేడా లేకుండా పోయింది. ఆ మార్పులో అసలు విశేషం ఇదేనని నా అభిప్రాయం. విజయం తెచ్చిన కీర్తిలో రహస్య పోలీసులకు ఉచితంగా వాటా దక్కింది.

స్టాలిన్ పోయాక ఆ వాటా లెక్క తేల్చారు. బెరియాతోపాటు మెర్కులోవ్‌ను, ఏడాది తరవాత అబకుమోవ్‌ను కాల్చారు. బ్లోఖిన్ ర్యాంకును 1954లో తీసేశారు. కాల్చకుండా కుదించడం ఆ తరవాతి పద్ధతి. రహస్య పోలీసుల కొత్త రూపమైన కేజీబీకి మొదటి అధ్యక్షుడు సెరోవ్ 1955లో ఆర్మీ జనరల్ అయ్యాడు. తరవాత సైనిక గూఢచారి విభాగానికి మారాడు. అక్కడ పెన్‌కోవ్‌స్కీ అనే కల్నల్ పశ్చిమ దేశాలకు రహస్యాలు చేరవేస్తూ దొరికిపోవడంతో 1963లో సెరోవ్ మూడు మెట్లు దిగి మేజర్ జనరల్ అయ్యాడు. 'సోవియట్ యూనియన్ వీరుడు' బిరుదూ పోయింది. అయినా 1990 దాకా బతికాడు. యెజోవ్ కాలంతో పోలిస్తే ఇది పెద్ద దయే.

మిలీషియా మాత్రం కమిసార్ల దగ్గరే ఆగిపోయింది. సైన్యంలో రాజకీయ కమిసార్లు 1942లో పోయారు, రాజ్య భద్రతలో 1945లో పోయారు, 1946లో ప్రజా కమిసార్లు మంత్రులయ్యారు. దేశమంతా వదిలేసిన పేరును ఇరవై ఏడేళ్లు మోసింది వీధి పోలీసు అధిపతులే. మాస్కోలోనో, కీవ్‌లోనో నగర మిలీషియా అధిపతి భుజం మీద జనరల్ స్థాయి గుర్తులు ఉండేవి, పిలుపు మాత్రం 'కామ్రేడ్ కమిసార్'. సైన్యం దృష్టిలో అది జనరల్ హోదా కాదు.

ఆ లోటు తీర్చడమే పనిగా పెట్టుకున్న మనిషి నికొలాయ్ షోలొకోవ్. సోవియట్ అధినేత బ్రెజ్నేవ్‌కు పాత స్నేహితుడు, 1966లో పోలీసు శాఖ మంత్రి అయ్యాడు. పోలీసు ఉద్యోగానికి జనంలో పరువు లేదని, చదువుకున్నవారు రావడం లేదని గుర్తించాడు. 1968లో శాఖకు 'అంతర్గత వ్యవహారాల మంత్రిత్వ శాఖ' అన్న పాత పేరు తిరిగి తెచ్చుకున్నాడు. 1969లో కొత్త బూడిద రంగు యూనిఫాం వచ్చింది. 1973లో కమిసార్ల శకం ముగిసింది. మూడో శ్రేణి కమిసార్ 'మిలీషియా మేజర్ జనరల్', రెండో శ్రేణివాడు 'మిలీషియా లెఫ్టినెంట్ జనరల్' అయ్యారు. సైన్యం జనరల్ అన్న ముప్పై మూడేళ్లకు పోలీసు జనరల్ పుట్టాడు. 'మిలీషియా' అనే ముందుమాట మాత్రం వదలలేదు. అసలు జనరల్‌కూ వీరికీ మధ్య అదొక కంచె.

షోలొకోవ్ ఆ కంచె దాటేశాడు. 1976 అగ్రనేతల మీద నక్షత్రాలు కురిసిన ఏడాది. మే నెలలో బ్రెజ్నేవ్ మార్షల్ అయ్యాడు. సెప్టెంబరులో కేజీబీ అధిపతి అంద్రోపోవ్, పోలీసు మంత్రి షోలొకోవ్ ఇద్దరూ ఆర్మీ జనరల్స్ అయ్యారు. 1974 నుంచి ఆ ర్యాంకుకు నాలుగు చిన్న నక్షత్రాల బదులు మార్షల్ తరహాలో ఒకే పెద్ద నక్షత్రం వచ్చింది కనుక దూరం నుంచి చూస్తే ఇద్దరూ మార్షళ్లే. ఒకరంటే ఒకరికి పడదన్న సంగతి మాస్కోలో అందరికీ తెలుసు. బ్రెజ్నేవ్ అల్లుడు చుర్బనోవ్ కూడా పోలీసు శాఖలో చకచకా మెట్లెక్కి కల్నల్ జనరల్ ర్యాంకుతో మొదటి ఉపమంత్రి అయ్యాడు.

బ్రెజ్నేవ్ 1982 నవంబరు 10న చనిపోయాడు. మిలీషియా దినోత్సవం నాడే. ఏటా టీవీలో వచ్చే ఉత్సవ కచేరీ ఆ సాయంత్రం రాలేదు. ఏదో జరిగిందని చాలామందికి మొదట అనుమానం వచ్చింది దానివల్లే. అంద్రోపోవ్ గద్దెనెక్కిన నెల తిరిగేసరికి షోలొకోవ్ పదవి పోయింది. అవినీతి విచారణ మొదలైంది. 1984 నవంబరులో ఆర్మీ జనరల్ ర్యాంకు తీసేశారు. డిసెంబరు 12న 'సోషలిస్టు శ్రమ వీరుడు' బిరుదు తీసేశారు. మర్నాడు అతను తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. ఒంటి మీద పతకాలతో సహా పూర్తి యూనిఫాం ఉందని అంటారు. చుర్బనోవ్‌కు 1988 డిసెంబరులో పన్నెండేళ్ల శిక్ష పడింది, ర్యాంకూ పోయింది. సోవియట్ యూనియన్ పోయినా మిలీషియా జనరల్స్ ఉన్నారు. 2011లో రష్యా మిలీషియాను పోలీసుగా మార్చి, వారందరికీ పైన 'రష్యా సమాఖ్య పోలీసు జనరల్' అని మరో మెట్టు కట్టింది.

మిగతా కమ్యూనిస్టు దేశాలు చాలావరకు సోవియట్ కొలతలతోనే యూనిఫాం కుట్టించుకున్నాయి. తూర్పు జర్మనీలో రహస్య పోలీసు మంత్రి మీల్కె 1980లో ఆర్మీ జనరల్ అయ్యాడు. బెర్లిన్ గోడ కూలాక 1993లో కోర్టు అతనికి శిక్ష వేసింది 1931లో బెర్లిన్‌లో ఇద్దరు పోలీసు అధికారులను చంపిన కేసులో! చైనా దారి వేరు. సైన్యంలో 1955లో ర్యాంకులు పెట్టి, 1965లో ఎత్తేసి, 1988లో తిరిగి తెచ్చారు. పోలీసులకు 1992లో చట్టం చేసి ఐదు తరగతులుగా పదమూడు హోదాలు ఇచ్చారు. వాటిలో ఎక్కడా జనరల్ అన్న మాట లేదు. అన్నిటికంటే పై హోదా ప్రజా భద్రతా మంత్రిది, ఆయన భుజం మీద ఆలివ్ కొమ్మల మధ్య జాతీయ చిహ్నం ఉంటుంది. సైన్యపు ర్యాంకులు, జనరల్స్ ఉన్నది సాయుధ పోలీసు దళంలో. అది చాలాకాలం ఇటు ప్రజా భద్రతా శాఖకు, అటు పార్టీ నడిపే కేంద్ర సైనిక కమిషన్‌కు జవాబుదారీగా ఉండేది. 2018 జనవరి 1 నుంచి కమిషన్ ఆదేశాలే చెల్లుతాయి. మంత్రి భుజం మీద చిహ్నం అలాగే ఉంది, ఆ దళం మాత్రం ఆయన చేతిలో లేదు.